తుపాకి మడమ మెత్త

తుపాకి మడమ మెత్త అనగా తుపాకి మడమ చివర, భుజమునకు ఆనే చోట బిగించే రబ్బరు లేదా తోలు దిండు. వాడుకలో దీనిని రీకాయిల్ ప్యాడ్ అంటారు. తూటా పేలినపుడు తుపాకి వెనుకకు తన్నుతుంది. ఆ తన్నును భుజము తట్టుకొనగలిగేలా చేయడమే దీని పని. కొత్త తుపాకులకు ఇది తయారీలోనే అమర్చబడి వస్తుంది. పాత వేట రైఫిళ్ళ విషయము వేరు. వీటిలో చాలావాటికి మొదట ఇనుప లేదా ఇత్తడి పలకయే ఉండేది. మెత్త ఉన్నవాటిలో కూడా రబ్బరు కాలక్రమమున గట్టిపడి, పగిలి, పొడిగా రాలిపోతుంది. అటువంటి తుపాకికి కొత్త మెత్త ఎంచుకోవడము చిన్న పనిగా కనిపించినా, తొందరపడి కర్రను కోస్తే మళ్ళీ అతికించే వీలు లేదు.

భౌతిక సూత్రము

తుపాకి తన్నడమునకు కారణము ద్రవ్యవేగ నిత్యత్వ నియమము. పాఠశాలలో న్యూటన్ మూడవ సూత్రమునకు ఉదాహరణగా చెప్పేది ఇదే. 4 కిలోల రైఫిలు నుండి 10 గ్రాముల గుండు సెకనుకు 800 మీటర్ల వేగముతో వెలువడినదనుకుందాము. గుండు ద్రవ్యవేగము 8 యూనిట్లు, కనుక తుపాకి సెకనుకు 2 మీటర్ల వేగముతో వెనుకకు రావాలి. పాఠ్యపుస్తకములోని లెక్క సాధారణముగా ఇక్కడితో ఆగుతుంది. అయితే గుండుతోపాటు మందు కాలిన వాయువు కూడా గొట్టము నుండి దూసుకుపోతుంది. మందు 3 గ్రాములు, వాయువు సగటు వేగము సెకనుకు 1,200 మీటర్లు అనుకుంటే మరో 3.6 యూనిట్లు కలుస్తాయి. అప్పుడు తుపాకి వేగము 2.9 మీటర్లవుతుంది. గతిజ శక్తి 8 జౌళ్ళ నుండి సుమారు 17 జౌళ్ళకు పెరుగుతుంది. అంటే భుజమునకు తగిలే శక్తిలో సగానికి పైగా వాయువును లెక్కలోనికి తీసుకొన్నపుడు మాత్రమే తెలుస్తుంది.

మెత్త ఈ ద్రవ్యవేగమును ఏమాత్రమూ తగ్గించదు. తుపాకి ఆగడానికి పట్టే కాలమును, దూరమును పెంచుతుంది. భుజము 3 సెంటీమీటర్లు లోనికి ఒదిగి తుపాకిని ఆపితే సగటు బలము సుమారు 560 న్యూటన్లు. మెత్త మరో సెంటీమీటరు నొక్కుకుపోతే అది 420కి దిగుతుంది. పైగా మెత్త వెడల్పుగా ఆనడము వలన ఆ బలము ఎక్కువ వైశాల్యముపై పంచబడుతుంది. ఇక్కడ ఒత్తిడి ఒకేచోట పడకుండా చూడడమే ముఖ్యము.

చరిత్ర

తొలి తుపాకుల మడమలకు అంచు విరగకుండా ఇనుము, ఇత్తడి, గేదె కొమ్ము, తరువాతి కాలమున ఎబొనైటు పలకలు వేసేవారు. ఇవి కర్రను కాపాడేవి, మనిషిని కాదు. 19వ శతాబ్ది ద్వితీయార్ధములో గట్టిపరచిన రబ్బరు విరివిగా దొరకడముతో మెత్తలు వచ్చాయి. లండనులో రబ్బరు కర్మాగారము నడిపిన ఎస్.డబ్ల్యు.సిల్వర్ కంపెనీ చేసిన ఎర్రని మెత్త బ్రిటిషు వేట తుపాకులపై ప్రసిద్ధి చెందినది. లండను తూర్పు భాగములోని సిల్వర్‌టౌన్ పేటకు పేరు ఈ కంపెనీ నుండే వచ్చినది. ఇప్పటికీ అదే ఆకారములో ఎర్ర మెత్తలు తయారవుతున్నాయి. ధనికుల తుపాకులలో రబ్బరుపై పలుచని తోలు తొడిగేవారు. తోలు నున్నగా జారుతుంది కనుక తుపాకిని భుజమునకెత్తేటపుడు బట్టకు పట్టుకోదు. 20వ శతాబ్దిలో అమెరికాకు చెందిన పాక్‌మయర్ కంపెనీ మెత్తలు ప్రపంచమంతా వ్యాపించాయి.

మెత్త లేని తుపాకి ఎలా ఉండేదో తెలిపేందుకు .405 వించెస్టర్ మంచి ఉదాహరణ. 1895 మోడల్ రైఫిలుకు ఈ తూటాను 1904లో ప్రవేశపెట్టారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకువెళ్ళినది దీనినే. బెంగుళూరుకు చెందిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ కూడా దీనినే వాడాడు. అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు అడవుల పులి గురించి ఆయన వ్రాసిన కథ వలన తెలుగు ప్రాంతమునకు ఈ రైఫిలుతో సంబంధమున్నది. ఈ మోడలులో కొన్నింటికి నెలవంక ఆకారపు ఇనుప పలక ఉండేది. దాని రెండు కొమ్ములూ భుజములో గుచ్చుకొనేవి.

పాత రైఫిలుకు మెత్త ఎంపిక

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది కర్రను కోయాలా, వద్దా అన్నది. ట్రిగ్గరు నుండి మడమ చివరి మధ్యభాగము వరకు గల దూరమును లాగు పొడవు అంటారు. పెద్దవారికి ఇది సాధారణముగా 14 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. ఒక అంగుళము మందముగల మెత్తను పలక స్థానమున పెడితే లాగు పొడవు దాదాపు అంతే పెరుగుతుంది. పొడవును మునుపటిలా ఉంచాలంటే కర్రను కోయక తప్పదు. కోసిన తరువాత తుపాకి పురాతన విలువ చాలావరకు పోతుంది, మూల పలక మళ్ళీ దానికి అమరదు. కనుక అరుదైన తుపాకి విషయములో కోయకపోవడమే ఉత్తమము. మడమకు తొడిగే రబ్బరు తొడుగు గాని, తాళ్ళతో బిగించే తోలు తొడుగు గాని సరిపోతుంది. అవి అందముగా ఉండవన్న మాట నిజమే, కాని ఏ క్షణమైనా తీసివేయవచ్చు. పొట్టి చేతులవారు తొడుగు వేస్తే తుపాకి పొడవై గురి చూడడము ఇబ్బందవుతుంది. అటువంటివారు పలుచని తొడుగును ఎంచుకోవాలి.

ఎప్పుడో ఎవరో కోసి రబ్బరు మెత్త పెట్టిన తుపాకి అయితే సమస్య సులువు. పాత మెత్త మందమును కొలిచి అదే మందము గలది వేస్తే చాలు. పాత మెత్త కుంగిపోయి ఉండవచ్చు. కనుక మధ్యలో కాక, గట్టి అడుగు పలక ఉన్న అంచు వద్ద కొలవాలి. తరువాత మరల దూరము చూడాలి. కొత్త మెత్త రంధ్రములు పాత రంధ్రములతో కలవనప్పుడు, పాతవాటిని గట్టి కర్ర మేకులతో జిగురు పెట్టి పూడ్చి కొత్తగా తొలవాలి. పాత రంధ్రము పక్కనే తొలిస్తే మర వంకరపోయి కర్ర చీలుతుంది.

మెత్త ఎప్పుడూ మడమకంటే పెద్దదిగానే వస్తుంది. దానిని తిరిగే గరుకు చక్రముపై అరగదీసి మడమ గీతలో కలపాలి. తుపాకికి బిగించి అరగదీస్తే పాత పూత గీసుకుపోతుంది. అనుభవమున్నవారు మడమ ఆకారమును మెత్త అడుగున గీసుకొని, విడిగా అరగదీసి చివరి మెరుగు మాత్రమే తుపాకిపై చేస్తారు. మడమ కింది గీత వాలు మెత్తలో కూడా అదే కోణములో సాగాలి. చాలా మార్పిడులు ఇక్కడే చెడిపోతాయి. పై అంచును కొద్దిగా గుండ్రము చేయకపోతే చొక్కాకు తగులుకుంటుంది. మెత్త వాలును మార్చితే గొట్టము మూతి దిశ కూడా మారుతుంది. పైభాగము పొడవైతే మూతి కిందికి, కింది భాగము పొడవైతే పైకి లేస్తుంది.

మెతకదనము విషయములో ఎక్కువ మెత్తనిదే మేలు అనుకోవడము పొరపాటు. బాగా మెత్తని రబ్బరు చిన్న తూటాకు బాగుంటుంది, పెద్ద తూటాకు పూర్తిగా నొక్కుకుపోయి అడుగు పలకకు తగులుతుంది. రంగు విషయానికి వస్తే, శతాబ్దము నాటి బ్రిటిషు తుపాకికి ఎర్రని లేదా గోధుమ రంగు గట్టి మెత్త నప్పుతుంది. తెల్లని గీత గల నల్ల మెత్త 20వ శతాబ్ది మధ్యకాలపు అమెరికా అలవాటు. దానిని పాత ఆంగ్ల తుపాకికి పెట్టడము పంచెకట్టుపై నెక్‌టై కట్టినట్లుంటుంది.

భారతదేశములో ఎక్కువగా కనిపించే .315 రైఫిలు ఇషాపూర్‌లో లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాపై తయారైనది. ఈ నమూనాలో మడమ కర్ర వేరుగా ఉండి, లోపలి రంధ్రము గుండా పోయే పొడవాటి బోల్టుతో బిగించబడుతుంది. మెత్త పెట్టేటపుడు ఆ రంధ్రమును శాశ్వతముగా మూసివేయరాదు. పాత సైనిక నమూనాలో ముందు కర్రను తీయకుండా ఈ బోల్టును తిప్పితే ముందు కర్ర చీలే ప్రమాదము కలదు. లీ-ఎన్‌ఫీల్డ్ మడమలను సైన్యము నాలుగు పొడవులలో తయారు చేయించినది. కనుక పొట్టి మడమ కర్ర దొరికితే అసలు కర్రను దాచి, దానికి మెత్త వేసుకోవచ్చు. అసలు కర్రకు నష్టము లేని మార్గములలో ఇది మేలైనది.

కడప జిల్లాలో

పులుల మంద నుండి పులివెందులకు ఆ పేరు వచ్చినదని స్థానికులు చెబుతారు. ఆ ప్రాంతములోనిదే లింగాల మండలము. పార్నపల్లె వద్ద చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు గల ఈ మండలములో చీనీ, అరటి, వేరుశనగ ముఖ్య పంటలు. పంటలపై అడవి పందుల దాడి ఇక్కడి రైతులకు పాత సమస్య. అయితే పంట కాపలాకు చట్టము అనుమతించే తుపాకి రైఫిలు కాదు, మూతి నుండి మందు కూరే తుపాకి. ఇటువంటి తుపాకిలో మందు కొలత మనిషి చేతిలో ఉంటుంది కనుక తన్ను ఒక్కొక్కసారి ఒక్కో విధముగా ఉంటుంది. తన్ను హఠాత్తుగా పెరిగినదంటే మందు ఎక్కువైనదని అర్థము. అది గొట్టము పగలడానికి ముందస్తు హెచ్చరిక కూడా కావచ్చును. మెత్త వేసి ఆ హెచ్చరికను కప్పిపుచ్చుకోరాదు. నల్లమందు కోసము చేసిన పాత గొట్టములలో పొగలేని మందు వాడడము ప్రాణాపాయము.

చట్టము

భారత ఆయుధ చట్టము 1959లో వచ్చి 1962 అక్టోబరు 1 నుండి అమలైనది. తుపాకుల మరమ్మతును వృత్తిగా చేసేవారికి దీని ప్రకారము లైసెన్సు ఉండాలి. మెత్త రబ్బరు ముక్కయే అయినా, తుపాకిని మామూలు వడ్రంగి దుకాణములో వదిలి రావడము తగదు. లైసెన్సుదారు చేతి నుండి తుపాకి పోవలసినది లైసెన్సు గల మరమ్మతుదారు వద్దకే. వడ్రంగితో పని ఉంటే మెత్తను, కొలతలను మాత్రము ఇవ్వవచ్చు. గొట్టమును పొట్టి చేయడము వేరే నేరము.

2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది. దీనితో వారసత్వముగా వచ్చిన పాత రైఫిలును ఉంచాలా, వదలాలా అన్న ప్రశ్న అనేక కుటుంబములకు ఎదురైనది. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 ప్రకారము నేడు వినోదము కొరకు వేటకు తావులేదు. కనుక ఇటువంటి రైఫిలు నేడు గురి అభ్యాసమునకు, జ్ఞాపకమునకు మాత్రమే. మూల రూపమును చెడగొట్టకుండా ఉంచడమునకు ఇది మరో కారణము.

నిలువ

రబ్బరుకు శత్రువులు నూనె, వేడి, ఓజోను. తుపాకి గొట్టమును శుభ్రపరచేటపుడు నూనె కిందికి కారి మెత్తలోనికి ఇంకితే అది జిగటగా మారుతుంది. అందుచేత నూనె వేసిన తుపాకిని మూతి కిందికి ఉండునట్లు కాసేపు ఉంచుతారు. వేసవిలో 40 డిగ్రీల సెల్సియసు దాటే కడప ఎండలలో ఇనుప బీరువాలో పెట్టిన మెత్త త్వరగా ముసలిదవుతుంది. మడమపై నిలబెట్టి ఉంచితే తుపాకి బరువుకు అది ఒకవైపు కుంగుతుంది. ఎన్నికల సమయములో లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని జమ చేయించడము ఆనవాయితీ. తుపాకులు వారాల తరబడి గోడకు ఆనించి ఉండేది అప్పుడే. జమ చేసేముందు తీసివేయదగిన తొడుగును ఇంటివద్దే ఉంచుకొని, బిగించిన మెత్త స్థితిని ఫోటో తీసి పెట్టుకొంటే, తిరిగి తెచ్చుకొన్నపుడు మెత్త కుంగినదా, లేదా అన్నది పోల్చి చూసుకోవచ్చు.