పెంటయ్య, కుప్పమ్మ, తవిటయ్య

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో తాతల తరం పేర్లు ఒకసారి తలచుకోండి. వరసగా పిల్లలు పోయిన ఇంట మళ్లీ బిడ్డ పుడితే, చాటలో పెట్టి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి తెచ్చుకునేవారు. మగబిడ్డయితే పెంటయ్య, ఆడపిల్లయితే కుప్పమ్మ. పొరుగామెకు ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంటే తవిటయ్య. ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేదని మృత్యువును నమ్మించడానికి పడిన పాట్లివి. వీటిని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఎన్ని కాన్పులు మట్టిపాలైతే ఒక తల్లి కన్నబిడ్డను పెంట మీద పెట్టడానికి ఒప్పుకుంటుంది?

ఇది పేదిళ్ల కథ మాత్రమే కాదు. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. తండ్రి నారాయణయ్య సర్కారు ఉద్యోగి, చదువూ సంపాదనా ఉన్న ఇల్లు. అయినా తల్లి సంజీవమ్మ కన్న పదకొండు మందిలో బాల్యం దాటింది ఆరుగురే. కృష్ణమూర్తిని కూడా పసితనంలోనే మలేరియా పట్టి పీడించింది. ఆయనకు పదేళ్లప్పుడు తల్లి పోయింది.

అంతకు ముందు తరాన్ని కరువు తుడిచిపెట్టింది. 1876 ధాత నామ సంవత్సరం కాబట్టి మనవాళ్లు దాన్ని ధాత కరువన్నారు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి. మద్రాసు రాజధానిలో ముప్పై లక్షలకు పైగా జనం పోయారు. ఆకలి ఒక్కటే కాదు, దాని వెనకే వచ్చిన కలరా, మశూచి, జ్వరాలు కూడా మనుషుల్ని తీసుకుపోయాయి. కరువు పనికి వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడా డబ్బు, పైన ఒక అణా చాలని ప్రభుత్వ కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ అది మనిషిని నిలబెట్టదని ఎదురు తిరిగాడు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం చావుల లెక్క. ఆ లెక్క రాసి ఉండకపోతే వాదనకు ఆధారమే ఉండేది కాదు.

మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. పుస్తకం గ్రామాధికారి చేతిలో ఉండేది. కారణం రాయాల్సిన చోట చాలామందికి ఒక్కటే మాట పడేది: జ్వరం. మలేరియా అయినా, విషజ్వరమైనా, బాలింత జ్వరమైనా అదే. బొడ్డు కొడవలితో కోస్తే వచ్చిన ధనుర్వాతంతో అయిదో రోజో ఆరో రోజో పోయిన బిడ్డ, చాలాసార్లు ఆ పుస్తకంలోకి ఎక్కనే లేదు. బారసాల కాలేదు, పేరు లేదు. పేరు లేని చావును ఎవరు రాయించాలి?

మశూచికి మాత్రం పేరుంది. అమ్మవారు. పుంగనూరు సుగుటూరు గంగమ్మకు, కుప్పం ప్రసన్న తిరుపతి గంగమ్మకు ఎండలు ముదిరే రోజుల్లోనే జాతర ఎందుకు చేస్తారో మశూచిని చూసిన తరానికి వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలమే ఆ రోగం విజృంభించే కాలం. గడపకు వేపమండలు, అమ్మకు అంబలి. ఆ వేడుకోలును గౌరవిస్తూనే చెప్పాలి: బిడ్డల్ని కాచింది భుజం మీద మచ్చ మిగిల్చిన టీకా. 1975లో దేశంలో చివరి మశూచి కేసు నమోదైంది. జాతర మిగిలింది, రోగం పోయింది.

మదనపల్లెను ఈ చరిత్రలో ప్రత్యేకంగా నిలబెట్టింది ఆరోగ్యవరం. రెండువేల అడుగులకు పైబడిన ఎత్తు, పొడిగాలి చూసి కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో క్షయ శానటోరియం తలపెట్టాయి. 1915లో ఇప్పటి చోట తలుపులు తెరిచారు. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ మొదటి సూపరింటెండెంట్. మందు లేని రోజులవి. గాలి ఆడే వరండాలో మంచం, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. క్షయ ఎక్కువగా పట్టేది వయసులో ఉన్నవాళ్లను. పాలిచ్చే తల్లి పోతే చంటిబిడ్డ గతి ఏమిటో ఆ తరానికి బాగా తెలుసు.

దేశంలో క్షయకు వేసే బీసీజీ టీకా 1948లో మదనపల్లెలోనే మొదలైంది. 1950 నుంచి 55 దాకా ఆరోగ్యవరం వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో గడప గడపకూ తిరిగి, ఎక్స్‌రేలు తీసి, ఎవరికి రోగముందో, ఎవరు పోయారో రాసుకున్నారు. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రే ఊళ్లోకి వెళ్లి లెక్క రాసింది. నాకు ఇది టీకా అంత గొప్ప పనిగా కనిపిస్తుంది. పెద్దల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆశించినంత ఆపలేదని తర్వాత చెంగల్పట్టు పరిశోధనలో తేలింది. కానీ పసిపిల్లలకు మెదడు పొరల క్షయ నుంచి అది రక్షణ ఇస్తుంది. పుట్టిన బిడ్డకు ఇప్పటికీ వేస్తున్నది అందుకే.

ఆ తర్వాత చావుల అంకెలు వేగంగా దిగాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో, 1918 ఇన్‌ఫ్లుయెంజా కూడా కలిసి, దేశంలో ఏటా వెయ్యికి నలభై అయిదుకు పైగా మరణాలుండేవి. 2020 నాటికి అవి ఆరు. ఏడాది నిండకుండా పోయే శిశువులు 1971లో వెయ్యి జననాలకు 129, 2020లో 28. ఆంధ్రప్రదేశ్‌లో 24, కేరళలో 6. 1985 నుంచి అందరికీ టీకాలు, 2005 నుంచి ఆశా కార్యకర్తలు, 108 బండి, ఆసుపత్రి కాన్పులు వచ్చాయి. ఒకప్పుడు రైలెక్కితే తప్ప పెద్దాసుపత్రి లేని కుప్పానికి ఇప్పుడు వైద్య కళాశాలే ఉంది. ధనుర్వాతంతో పసికందులు పోవడం దాదాపు ఆగిందని 2015లో తేల్చారు.

అయితే ఆ 28 మందిలో 20 మంది నెల నిండకుండానే పోయారు, వాళ్లలోనూ ఎక్కువమంది మొదటి వారంలోనే. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టగానే ఏడవనివాళ్లు, రక్తం లేని తల్లికి బరువు తక్కువగా పుట్టినవాళ్లు. బారసాల కాకముందే పోయే బిడ్డలే వీళ్లు కూడా. కాకపోతే ఇప్పుడు వాళ్ల మణికట్టుకు ఒక పట్టీ ఉంటుంది. దాని మీద ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు రాసి ఉంటుంది.