యంత్రభాగముల పొందిక



మా ఆత్రేయపురమున పూతరేకులు తీయు ఇల్లాలు సంతలో కనబడిన ప్రతి కుండను కొని తేదు. కుండ వీపు నున్నగా నుండవలెను. పొయ్యిమీద బోర్లించినపుడు వేడి అంతటను సమముగా ప్రాకవలెను. ఆ వేడికి తగిన పలుచదనము పిండినీటికి కుదురవలెను. కుండ మంచిదే, పిండి మంచిదే, మంటయు మంచిదే కావచ్చును. అయినను ఈ మూటికిని పొత్తు కలియనిచో రేకు చినిగి చేతికి వచ్చును. 2023వ సంవత్సరమున మా యూరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపునకు మూలము ఈ పొత్తు నెరిగిన చేతులే యని నా తలంపు.

నేడు నేను చెప్పబోవు కథ కుండది కాదు, కంప్యూటరుది. అయినను రెండింటి నీతియు నొక్కటియే.

మా తాతగారు వ్రాసిన చిట్టాలును, భూముల దస్తావేజులును, బంధువుల ఉత్తరములును మా ఇంట నొక భోషాణములో నుండెడివి. 1986 ఆగస్టు నాటి గోదావరి వరదలో ఆ భోషాణము తడిసినది. ఆరబెట్టిన పిదప చూడగా సగము కాగితములలో సిరా మిగులలేదు. ఉన్న సగమునైనను మనుమల కాలమునకు అందింపవలెనని ఈ నడుమ వానికి ఛాయాచిత్రములు తీయించితిని. వానిని దాచుటకు ఇంట సర్వరు అను యంత్రము కావలసివచ్చినది. సర్వరనగా ఎల్లవేళల మేలుకొనియుండి, అడిగినవారికి అడిగిన కాగితమును తీసి యిచ్చు కంప్యూటరు. పూర్వము గ్రామమునకు కరణమెట్టివాడో, ఇంటిలోని కంప్యూటరులకును ఫోనులకును ఇది అట్టిది.

అయితే ఆ యంత్రముననే మా కోడలు నడపు పూతరేకుల వ్యాపారపు లెక్కలు కూడ నుండవలెను. కాలేజీలో చదువు మా మనుమడు తన ప్రయోగములు కూడ దానిపైననే చేయవలెను. ఆతని ప్రయోగము చెడినపుడు మా తాతగారి చిట్టా చెడరాదు, కోడలి లెక్క తప్పరాదు. మూడు పనులకు మూడు యంత్రములు కొను శక్తి నాకు లేదు. ఒక్క యంత్రమును మూడుగా పంచుట యెట్లు? చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఇట్టి పంపకము మన డెల్టావారికి క్రొత్త గాదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచినది. మధ్యడెల్టా కాలువకు తల మా మండలమందలి బొబ్బర్లంక యొద్దనే యున్నది. నది యొక్కటి, కాలువలు పెక్కు, పంటబోదెలు అసంఖ్యాకములు. తన బోదెలో నీరు పారుచున్నంతసేపు రైతునకు ఆ నీరంతయు తనదే యని తోచును. ప్రక్కవాని చేను గట్టు తెగినచో వాని చేను మునుగును గాని, నీటి కట్టుబాటు సరిగా నున్నంతవరకు ఈతని చేనికి భయము లేదు. ఏ తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దింపవలెనో లస్కరు చూచుకొనును.

కంప్యూటరు విద్యలో వర్చువల్ మిషను అనునది ఇట్టిదే. ఇనుముతో చేసిన యంత్రము ఒక్కటియే. దానిలో లస్కరువంటి ఒక ప్రోగ్రాము కూర్చుండి, లోని శక్తిని పెక్కు భాగములుగా పంచును. ప్రతి భాగమును తానొక పూర్తి కంప్యూటరు ననుకొని పనిచేయును. ఒకటి కూలినను ప్రక్కది నడచుచునే యుండును. ఈ లస్కరునకు హైపర్‌వైజరని పేరు.

ఈ విద్య మన వాకిటికి వచ్చుటకు ముందు రెండు కట్టుబాట్లు లోకమున స్థిరపడవలసివచ్చినది. ఒకటి భాగముల పొందిక; రెండవది పంపకపు శక్తి.

మొదటిదాని కథ మరచీలతో ఆరంభింపవచ్చును. పూర్వము ఒక్కొక్క కార్ఖానా తన ఇష్టము వచ్చిన కొలతతో మర త్రిప్పుకొనెడిది. ఒకచోట చేసిన చీలకు మరియొకచోట చేసిన నట్టు పట్టదు. ఒక ఊరి బండి చక్రము మరియొక ఊరి ఇరుసునకు ఎక్కకపోవుట మన మెరిగినదే గదా! ఆనకట్ట పని మొదలగుటకు ఆరేండ్లు ముందుగా, 1841లో, ఇంగ్లండు దేశమున జోసెఫ్ విట్‌వర్తు అను యంత్రశిల్పి మర వాలు 55 డిగ్రీలుగా నుండవలెననియు, చీల లావును బట్టి అంగుళమునకు ఇన్ని మరలుండవలెననియు ఒక కొలతను ప్రతిపాదించెను. ఎవరు చేసిన చీలయైనను ఎవరు చేసిన నట్టునకైనను పట్టు మార్గము దీనితో తెరువబడినది. గొప్పతనము చీలలో లేదు. కీలునకు కొలత నేర్పరచుటలో నున్నది.

కంప్యూటరులకు ఈ బుద్ధి 1964వరకు పూర్తిగా రాలేదు. అంతకు పూర్వము ఐబీఎం సంస్థయే పరస్పరము పొసగని పెక్కు వరుసల యంత్రములను అమ్ముచుండెను. చిన్న యంత్రము చాలక పెద్దది కొన్నవాడు తన ప్రోగ్రాములన్నిటిని మరల వ్రాయించుకొనవలెను. 1964 ఏప్రిల్ 7వ తేదీన ఆ సంస్థ సిస్టం/360 అను యంత్రకుటుంబమును ప్రకటించెను. చిన్నదైనను పెద్దదైనను ఆ కుటుంబమునకు ఆజ్ఞల భాష యొక్కటియే. కొడవలి మార్చినవాడు కోత మరల నేర్వనక్కరలేని స్థితి ఏర్పడినది.

ఆ కుటుంబమునుండియే రెండవ కట్టుబాటును పుట్టినది. ఐబీఎంవారి కేంబ్రిడ్జి పరిశోధనాలయమున, అమెరికాలో, రాబర్టు క్రీసీ నాయకత్వమున సీపీ-40 అను ప్రోగ్రాము తయారై 1967 జనవరిలో పనిలోనికి వచ్చినది. ఒక్క యంత్రముపై ఏకకాలమున పదునాలుగు వర్చువల్ మిషనులు దానివలన నడువగలిగెను. 1972లో ఈ విద్య వీఎం/370 అను పేరుతో అంగడికి వచ్చినది. కాని ఆ యంత్రములు ఒక హాలునిండ నుండునవి. వాని ధర మహాసంస్థలకే అందునది.

ఆ 1967వ సంవత్సరముననే మన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. దానిని నిలిపి పెంచిన అయ్యగారి సాంబశివరావుగారు మన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించినవారు. ఆ సంస్థ తయారుచేసిన టీడీసీ-12 అను కంప్యూటరు ఒక్కొక్క మాటను 12 బిట్లతో పలుకునది. పిమ్మట 1970 దశకమున వచ్చిన టీడీసీ-316 పలుకు మాటకు 16 బిట్లు. పరదేశపు యంత్రము దొరకుట దుర్లభమైన దినములలో మనవారు స్వయముగా కంప్యూటరు చేయుట సామాన్య విషయము కాదు. అయినను మాట నిడివి మారినపుడు పాత ప్రోగ్రాము ఉన్నదున్నట్లు క్రొత్త యంత్రముపై నడవదు. స్వశక్తితో చేసినను, కొని తెచ్చినను, పొందిక సమస్య ఎవరిని విడిచిపెట్టదని దీనివలన తెలియుచున్నది.

సామాన్యునకు దారి తెరచినది 1981 ఆగస్టు 12వ తేదీన వెలువడిన ఐబీఎంవారి చిన్న కంప్యూటరు. త్వరగా తయారుచేయవలెనను తొందరలో వారు ఇంటెల్ సంస్థవారి ప్రాసెసరు మొదలుగా ఇతరులు చేసిన భాగములను అందులో కూర్చిరి; లోపలి తీగల పటములను పుస్తకముగా అచ్చువేయించిరి. దానితో ఎవరైనను ఆ యంత్రమునకు పొసగు పలకలు చేయ గలిగిరి. 1983 నాటికి కాంపాక్ సంస్థ అట్టి యంత్రమునే స్వయముగా చేసి అమ్మసాగెను. 1995లో ఇంటెల్‌వారు ఏటీఎక్స్ అను కొలతను ప్రకటించిరి. మదర్‌బోర్డు పొడవెంత, చీలల రంధ్రము లెచ్చట, విద్యుత్తు నందించు తీగ యెట్లుండవలెను అనునవి అందు నిర్ణయింపబడెను. విట్‌వర్తు మరచీలకు చేసిన మేలు వంటిదే ఇది.

అయినను చిన్న యంత్రపు ప్రాసెసరునకు పంపకపు శక్తి స్వభావసిద్ధముగా లేదు. 1999లో వీఎంవేర్ సంస్థ ప్రోగ్రాము నేర్పుతో ఆ లోపమును దాటినది. 2005లో ఇంటెల్‌వారును, 2006లో ఏఎండీవారును ఆ శక్తిని ప్రాసెసరులోనే పొదిగిరి. 2007లో కేవీఎం అను లస్కరు లినక్సు అను ఉచిత వ్యవస్థలో చేరెను. హాలు నిండిన యంత్రము చేయుపని నలుబది యేండ్లకు సామాన్యుని గదిమూలకు వచ్చినది.

ఇంత చరిత్ర నెరిగియు నేను పొరపడితినని చెప్పుకొనుటకు సిగ్గుపడను.

మూడు వర్చువల్ మిషనులకు మెమరీ విస్తారముగా కావలెను. ఇచ్చట నొక భేదము గమనింపవలెను. ప్రాసెసరు నీటివంతు వంటిది. ఒకరి తరువాత నొకరు వాడుకొనవచ్చును. మెమరీ భూమి వంటిది. ఒకని చేని విస్తీర్ణములో అదే కారున మరియొకడు నాటలేడు. చిట్టాల భాగమునకు 8 జీబీ, లెక్కలకు 4, మనుమని ప్రయోగములకు 12, లస్కరునకు 4 చొప్పున లెక్కించగా 28 వచ్చినది. కనుక 32 జీబీ మెమరీ తీసికొనవలెనని నిశ్చయించితిని.

పెద్ద సర్వరులనుండి విప్పిన పాత మెమరీ పలకలు సగము ధరకే దొరకునని విని, ఆశపడి తెప్పించితిని. మా మదర్‌బోర్డు డీడీఆర్4 రకము. పలకలును డీడీఆర్4 రకమే. గాడిలో పెట్టి నొక్కగా టక్కున కూర్చున్నవి. మీట నొక్కితిమి. పంకా తిరిగినది, తెరమీద మాత్రము వెలుగు లేదు. ఒక జాముసేపు ప్రయత్నించిన పిదప మనుమడు నావైపు చూచి, "తాతయ్యా, పట్టింది గాని పలకడం లేదు" అనెను.

కారణము తరువాత తెలిసినది. సర్వరు పలకలు రిజిస్టర్డు అను తెగకు చెందినవి. ఇండ్లలో వాడు మదర్‌బోర్డులు సాధారణముగా అన్‌బఫర్డు అను తెగనే యెరుగును. గాడి యొక్కటే, భాష వేరు. డీడీఆర్4, డీడీఆర్5 పలకల విషయమున ఇట్టి మోసము జరుగదు. రెండింటికిని 288 స్పర్శలే యున్నను, నడిమి గంటు వేరుచోట నుండుటచే ఒకటి మరియొకదాని గాడిలోనికి దిగదు. దిగనిది మనలను ముందే హెచ్చరించును. దిగియు పలుకనిది మన సొమ్ము తినును. అమ్మినవాడు నేనడిగినదే యిచ్చెను, అడుగవలసినది నేనడుగలేదు.

ఆ దెబ్బతో మిగిలిన భాగముల నొక క్రమముతో ఎంచుకొంటిమి. ప్రతి భాగమునకును మూడు ప్రశ్నలు వేసితిమి. మొదటిది: కూర్చుండునా? ప్రాసెసరు అడుగు మదర్‌బోర్డు సాకెట్టునకు సరిపోవలెను. ఏఎండీవారి ఏఎం4 సాకెట్టునకు చేసినది 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్టునకు పట్టదు. రెండవది: పలుకునా? సాకెట్టు సరిపోయినను, ఆ ప్రాసెసరు పేరు మదర్‌బోర్డు చేసినవారి పట్టికలో నుండవలెను. లేనిచో బోర్డులోని మూలప్రోగ్రామును క్రొత్తది చేయవలసివచ్చును. మెమరీకిని ఇట్టి పట్టిక యుండును. మూడవది: పంచుకొననిచ్చునా? ప్రాసెసరున పంపకపు శక్తి యుండుటయే చాలదు. మదర్‌బోర్డు అమరికలలో ఆ మీట మూయబడియున్నచో తెరువవలెను. అంతియే కాక, ఒక నెట్‌వర్కు కార్డును నేరుగా, పూర్తిగా ఒక్క వర్చువల్ మిషనునకే అప్పగింపదలచినచో ఐవోఎంఎంయూ అను వేరొక శక్తియు కావలెను. అది యున్నదో లేదో కొనకముందే విచారింపవలెను.

విద్యుత్తు విషయము కూడ పెద్దలు తలపోయదగినది. రేయింబవళ్లు నడచు యంత్రము సగటున 50 వాట్లు త్రాగినచో దినమునకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లగును. బలము చూచి పెద్ద ప్రాసెసరు కొన్నచో ప్రతినెలయు కప్పము కట్టుచునే యుండవలెను. కరెంటు పోయినపుడు వ్రాయుచున్న లెక్క మధ్యలో తెగిపోకుండ యూపీఎస్ పెట్టెను ప్రక్కన నుంచితిమి. మా డెల్టా చెమ్మకు దూరముగా, నేలకు మూడడుగుల ఎత్తున బల్లమీద యంత్రము నిలిపితిమి.

రెండవమారు సరియైన మెమరీ పలకలు వచ్చిన దినమున తెర వెలిగినది. తొలి వారముననే మనుమడు తన భాగమును రెండుసార్లు కూలద్రోసినాడు. కోడలి లెక్కలు కదలలేదు. తాతగారి 1931వ సంవత్సరపు చిట్టాలో ధాన్యపు ధర వ్రాసిన పుట తెరమీద చదువుకొనగలిగితిని.

ఐనను ఒక మాట మరువరాదు. యంత్రమును మూడుగా పంచినను అది ఒక్క పెట్టెయే. వరద వచ్చినపుడు కర్రభోషాణమునకును ఇనుపపెట్టెకును భేదము లేదు. కనుక చిట్టాల ప్రతి నొకదానిని వేరొక డిస్కులో నెక్కించి రాజమహేంద్రవరమున మా చెల్లెలి ఇంట నుంచితిమి. మూడు నెలలకొకసారి దానిని తెచ్చి సరిచూచుచున్నాము.

మీ ఇండ్లలోను పాత కాగితములుండును. మీ పిల్లలు వానికై యంత్రము కూర్చెదమన్నచో వలదనకుడు. ఏ భాగము గొప్పదని అడుగుటకు ముందు ఏది దేనితో పొసగునని అడుగుమనుడు. కుండ కొను ఇల్లాలు అడుగునది అదియే గదా!