ఫ్యూజ్ ఉడ్ గయా!

తెలుగులో ‘ఫ్యూజ్ ఎగిరిపోయింది’ అంటాం. మన దక్కనీలో ‘ఫ్యూజ్ ఉడ్ గయా’. రెండు జుబానుల్లోనూ అది ఎగిరేదే! నిజానికి అది ఎగరదు, కరుగుతుంది. ఆ ఇంగ్లీషు పేరుకు మూలమైన లాటిన్ మాటకు కరిగించడం, పోయడం అనే అర్థం.

మా మన్సూరాబాద్‌లో షాదీ ఫంక్షన్లకు వాయించే కుర్రాళ్లకు దీంతో పెద్ద పరేషానీ. బేస్ గిటార్ యాంపు స్విచ్ వేస్తే చాలు, ఫ్యూజ్ హుష్. కొత్తది వేస్తారు, అదీ పోతుంది. మూడోసారికి ఎవరో ఒకరు రాగితీగ తెస్తారు. ఈ తీగ చుట్టే ఆదత్ ఎక్కడిదో తెలియాలంటే కాస్త తారీఖ్ తిరగేయాలి.

1847లో బ్రెగే అనే ఫ్రెంచ్ సాహెబ్, పిడుగుల నుంచి టెలిగ్రాఫ్ యంత్రాలను కాపాడ్డానికి సన్నని తీగ మధ్యలో పెట్టమన్నాడు. తీగ పోతే పోనీ, యంత్రం బచాయిస్తుంది. 1890లో ఎడిసన్ ఫ్యూజుకు పేటెంట్ తీసుకున్నాడు. మన షహర్లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కరెంటు కేంద్రం 1920లో, ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో వచ్చింది. కరెంటుతో పాటు ఇళ్లలోకి చీనీమట్టి కటౌట్లూ వచ్చాయి. ఫ్యూజ్ పోతే అందులో మళ్లీ తీగ చుట్టడం ఇంటి పెద్దల హునర్. ఇంట్లో అది చాలాసార్లు చెల్లుతుంది కూడా. ఎందుకంటే హీటరూ ఇస్త్రీపెట్టే ఒకేసారి పెట్టడం వల్ల లోడు పెరిగి ఉంటుంది, ఒకటి తీసేస్తే ఖతం. యాంపులో అలా కాదు. మర్జ్ లోపలే కూర్చుని ఉంటుంది. ఫ్యూజ్ ఆ మర్జ్‌కు గవాహ్. లావు తీగ చుట్టామంటే గవాహ్ నోరు మూసినట్టే. ఆ తర్వాత కాలేది ట్రాన్స్‌ఫార్మర్, నసీబ్ బాగాలేకపోతే షామియానా.

బేస్ యాంపుల కథ అమెరికాది. కాలిఫోర్నియాలో రేడియోలు రిపేరు చేసుకునే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్, మరుసటి ఏడాది దానికోసం బేస్‌మాన్ యాంపు తెచ్చాడు. అంతకుముందు మనిషంత ఎత్తు బేస్‌ను నిలబడి వాయించేవారు. మంద్ర స్వరం గట్టిగా వినపడాలంటే తాఖత్ ఎక్కువ కావాలి, అందుకు పెద్ద కెపాసిటర్లు కావాలి. స్విచ్ వేసిన క్షణంలో అవి కరెంటును ఒక్క గుటకలో మింగుతాయి. అందుకే చాలా యాంపుల్లో నెమ్మదిగా కరిగే ఫ్యూజ్ వేస్తారు, దానిమీద ‘టి’ అని ఉంటుంది. ‘ఎఫ్’ అన్నది వేస్తే యాంపులో ఏ ఐబూ లేకున్నా పోవచ్చు.

ఇంకో వజహ్ వోల్టేజి. అమెరికా గోడలో 120, మన గోడలో 230. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల అమెరికాలో పిల్లలున్న ఇళ్లు బోలెడు. అక్కణ్ణుంచి ముచ్చటగా పంపిన యాంపును సీదా ప్లగ్గులో పెడితే ఎన్ని ఫ్యూజులైనా ఖుర్బాన్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఇలాజ్ లేదు.

ఇవేవీ కాకపోతే ముజ్రిమ్‌ను లోపల వెతకాలి. వాల్వుల యాంపైతే ప్లగ్గు పీకి, ఔట్‌పుట్ వాల్వులు తీసి, మళ్లీ ఆన్ చేసి చూస్తారు. ఫ్యూజ్ నిలిస్తే షక్ ఆ వాల్వుల మీద, వాటి బయాస్ మీద. నిలవకపోతే రెక్టిఫయర్, కెపాసిటర్లు, చివరికి ట్రాన్స్‌ఫార్మర్. ట్రాన్సిస్టర్ యాంపైతే మొదట ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లను మీటరుతో కొలుస్తారు, ఎక్కువగా షార్టయ్యేవి అవే. ఇది ఉస్తాద్ చేయాల్సిన పని సుమా. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లు ప్రాణం తీసేంత కరెంటు దాచుకుంటాయి.

రిపేరు దుకాణాల్లో ఒక పాత తరీఖా ఉంది. వంద వాట్ల బల్బును యాంపుతో సీరీస్‌లో కలుపుతారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే చాలావరకు ఖైర్. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఖాయం, ఫ్యూజ్ ఖర్చు మాత్రం లేదు. దీనికి ఫిలమెంటు ఉన్న గుండు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. అవి బజార్లో దొరకడమే కష్టమవుతోంది. కనిపిస్తే నాలుగు కొని దాచండి.