కొలువులో చావు – సర్కారు బాకీ

సర్కారు కొలువు చేస్తున్నవాడు పనిమీద ఉండగా చనిపోతే, అతని భార్యాబిడ్డలకు సర్కారు ఏమి బాకీ పడుతుంది? ఈ ప్రశ్నకు రెండు జవాబులు చాలాకాలంగా వినవస్తున్నాయి. ప్రభువు దయ తలచి ఇంత ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూ వచ్చు నన్నది మొదటిది. పని చేయించుకున్నవాడే ఆ పని తెచ్చిన నష్టాన్ని భరించవలె, అది అప్పువంటిది అన్నది రెండవది. మొదటిదానిని మన పెద్దలు దయాధర్మమన్నారు. నేటి జీవోల భాషలో దాని పేరు ఎక్స్‌గ్రేషియా. లాటిన్ ముసుగు తీసి చూస్తే ఆ మాటకూ అదే అర్థం. కాలక్రమాన రెండవ జవాబే గెలిచిందని అనుకోవడం కద్దు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ గెలుపు ఎవరి గుమ్మందాకా వచ్చి ఆగిపోయిందో చూడకపోతే ఈ చరిత్రను సగమే చదివినట్లు.

కంపెనీ రోజులనుంచి మొదలుపెడదాం. 1765లో చనిపోయిన బెంగాల్ నవాబు మీర్ జాఫర్ క్లైవుకు 5 లక్షల రూపాయలు రాసిపోయాడు. ఆ సొమ్ముతో 1770లో లార్డ్ క్లైవ్ ఫండ్ ఏర్పడింది. కంపెనీ కొలువులో అంగవికలులైన యూరోపియన్ అధికారులకు, సోల్జర్లకు, వారి వితంతువులకు ఆ నిధినుంచి భత్యం ముట్టేది. బెంగాల్ రైతు చెమట ఇంగ్లండులో ఒక విధవరాలి రొట్టెగా మారిందన్నమాట. ఆమె రొట్టె మనకు కంటగింపు కాదు. అవే యుద్ధాల్లో కంపెనీ జెండా కింద నేలకొరిగిన తెలుగు సిపాయీల ఇళ్ళకు ఆ నిధి తలుపు తెరవలేదన్నదే మన ప్రశ్న.

ఇక ఇంగ్లండులో సొంత కూలివాడి గతి ఎట్లా ఉండేదో చూస్తే, మనకు దిగుమతి అయిన న్యాయం ఎటువంటిదో తెలుస్తుంది. 1837లో అక్కడ ఒక కేసు నడిచింది. కసాయి యజమాని మాంసం బండికి మోయలేనంత బరువు ఎక్కించారు. బండి విరిగి పనివాడి తొడ విరిగింది. యజమానికి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. ఆ తీర్పునుంచే ఒక సిద్ధాంతం పెరిగింది. సాటి పనివాడి పొరపాటువల్ల పనివాడు దెబ్బతింటే యజమానితో నిమిత్తం లేదట. కొలువులో చేరినప్పుడే ఆ ప్రమాదానికి ఒప్పుకొని చేరాడట! రైళ్ళు, గనులు, మిల్లులు పెరుగుతున్న రోజుల్లో ఇంతకంటె లాభసాటి సిద్ధాంతం పెట్టుబడిదారుకు దొరకదు. వందలమంది పనిచేసేచోట ఏ ప్రమాదంలోనైనా సాటివాడి చెయ్యి ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు గదా. ఇంగ్లండు దీనిని 1948లో గాని పూర్తిగా వదిలించుకోలేదు. మన దేశంలో దానిపై మొదటి వేటు 1938లో పడింది.

బొంబాయిలో మొదటి రైలు నడిచింది 1853లో. రెండేళ్ళకు, 1855లో, ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. ఒకరి తప్పిదంవల్ల మరొకరు చనిపోతే కుటుంబం దావా వేయవచ్చునని అది చెప్పింది. అయితే తప్పు రుజువు చేయవలసిన భారం వాది మీదనే ఉన్నది. పట్టాలమీద చనిపోయిన గ్యాంగ్‌మన్ భార్య వకీలును పెట్టుకొని రైలు కంపెనీ తప్పును రుజువు చేయవలె! ఆ చట్టం ఆమెకు పటంలోని లడ్డువంటిది.

నిజమైన మలుపు 1923నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. 1924 జులై 1నుంచి అది అమలులోకి వచ్చింది. పనివల్ల, పనిమీద ఉండగా ప్రమాదం జరిగి ప్రాణం పోతే, యజమాని తప్పున్నా లేకపోయినా పరిహారం చెల్లించవలె. పనివాడి అజాగ్రత్తను చూపి చావు పరిహారాన్ని ఎగవేయడానికి వీలు లేదు. డబ్బును కుటుంబం చేతిలో నేరుగా పెట్టి వేలిముద్ర వేయించుకోవడం కుదరదు, కమిషనరు వద్ద జమకట్టవలె. సూత్రం మంచిదే. మరి మొత్తం? 1897లో ఇంగ్లండు తన కార్మికుని చావుకు మూడేళ్ళ సంపాదన, లేదా 150 పౌన్లు, వీటిలో ఏది ఎక్కువయితే అది ఇమ్మన్నది. 300 పౌన్లు దాటరాదన్నది. 1923లో మన కార్మికుని చావుకు 30 నెలల జీతం, లేదా 2,500 రూపాయలు, వీటిలో ఏది తక్కువయితే అది ఇమ్మన్నారు. పిల్లవాడైన కూలి చనిపోతే 200 రూపాయలు. అక్కడ "ఎక్కువ", ఇక్కడ "తక్కువ". వలస పాలన స్వభావాన్ని చెప్పడానికి పెద్ద గ్రంథాలు అక్కరలేదు, ఈ ఒక్క మాట చాలు.

అయినా ఆ చట్టంలో రెండు దఫాలను మనం జ్ఞాపకం పెట్టుకోవాలి. ప్రభుత్వ శాఖగాని, మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థగాని చేసే పనులన్నీ ఈ చట్టం దృష్టిలో వాటి "వ్యాపారం" కిందనే లెక్క అని ఒకటి. పనిని కంట్రాక్టరుకు అప్పగించినా, ఆ కూలివాడు చనిపోతే అసలు యజమానే పరిహారం కట్టవలె, తరువాత దానిని కంట్రాక్టరునుంచి రాబట్టుకోవచ్చు నని రెండవది. మురుగుకాలువ పనివాడు, నిప్పార్పే దళంవాడు, కరెంటు తీగెలమీద పనిచేసేవాడు కూడా ఆ చట్టం షెడ్యూలులో ఉన్నారు. అంటే కంట్రాక్టు చాటున దాక్కునే సర్కారును పట్టుకునే తాళంచెవి నూరేళ్ళ కిందటే తయారై ఉన్నది! తరువాత కథ అంతా ఆ తాళంచెవిని వాడనీయకపోవడమే.

మరోవైపున గుమాస్తాలకు, పర్మనెంటు నౌకర్లకు పెన్షన్ దారి వేరు. 1871నాటి పెన్షన్ల చట్టం కలెక్టరు సర్టిఫికెట్టు లేనిదే ఆ వ్యవహారాన్ని సివిల్ కోర్టు ముట్టుకోరాదన్నది. దయకు దావా ఏమిటన్న ధోరణి అది. 1939లో కేంద్రం చేసిన ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ రూల్సు విధి నిర్వహణలో చనిపోయిన వారి కుటుంబాలకు వేరే పెన్షన్ ఏర్పరచాయి. కాని మంజూరు చేసేటప్పుడు చనిపోయినవాడి అజాగ్రత్త ఎంతో కూడా లెక్కలోకి తీసుకోవచ్చుననే వెసులుబాటును ప్రభుత్వం ఉంచుకున్నది. మిల్లు యజమానికి 1923లో నిషేధించిన సాకును సర్కారు తనకోసం దాచుకున్నదన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చాక 1964 జనవరి 1నుంచి కేంద్ర ఉద్యోగులకు కుటుంబ పెన్షన్ పథకం వచ్చింది. అందుకుగాను ఉద్యోగి తన గ్రాట్యుటీనుంచి రెండు నెలల జీతం వదులుకోవలె. ఆ కోత 1977 సెప్టెంబరు 22న రద్దయింది. 1964కు ముందే భర్తలు రిటైరైనవారు, చనిపోయినవారు ఏ దిక్కూ లేకుండా మిగిలిపోయారు. వారి గొడవ సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1985లో గాని వారికి పెన్షన్ దక్కలేదు. అప్పటికి ఎందరు ముసలమ్మలు కాలం చేశారో! పెన్షన్ దయాభిక్షం కాదని సుప్రీంకోర్టు 1971లో చెప్పింది, 1982లో నకారా కేసులో మరింత గట్టిగా చెప్పింది. అయితే ఈ హక్కుకు కూడా ఒక మంగళసూత్రం కట్టారు: వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పెన్షన్ ఆగిపోతుంది. పిల్లలు లేని వితంతువుకు ఈ షరతు 2006నుంచి సడలింది గాని, దానికీ ఆదాయ పరిమితి పెట్టారు. చనిపోయినవాడు చేసిన సేవకు వెల కట్టారా, బతికి ఉన్న ఆడదాని నడతకు కట్టారా?

2004లో కేంద్రమూ, ఆంధ్రప్రదేశూ కొత్తగా చేరేవారిని వాటాల పెన్షన్‌లోకి నెట్టాయి. పొదుపు పోగుపడకముందే చనిపోయినవారి కుటుంబాలకు పాత కుటుంబ పెన్షన్ వంటి సాయాన్ని కేంద్రం 2009లో మళ్ళీ ఇవ్వవలసి వచ్చింది. మార్కెట్టుమీద ఆధారపడిన పథకం చావును మోయలేదని అయిదేళ్ళలోనే తేలిపోయింది. కారుణ్య నియామకాల సంగతి మరొకటి. మన రాష్ట్రంలో 1977నుంచి ఒక పథకంగా నడిచిన ఈ ఉద్యోగం వారసత్వపు హక్కు కాదనీ, హఠాత్తుగా వచ్చిన దారిద్ర్యాన్ని గట్టెక్కించే సాయమేననీ సుప్రీంకోర్టు 1994లో అన్నది. మాట న్యాయమైనదే. కాని కేంద్ర సర్కారు ఖాళీలలో 5 శాతం మించి ఇవ్వనన్నది. చావులు శాతాల ప్రకారం రావు గదా!

ఇక ఎక్స్‌గ్రేషియా. 2016 జనవరి 1నుంచి వర్తించేలా కేంద్ర ఉద్యోగికి కట్టిన రేట్లు చూడండి. విధి నిర్వహణలో ప్రమాదంవల్ల చనిపోతే 25 లక్షలు, సరిహద్దు ఘర్షణలోనో మంచుకొండలమీదనో అయితే 35 లక్షలు, యుద్ధంలో శత్రువు చేతిలో అయితే 45 లక్షలు. మెట్లు కట్టినందుకు తగవు పెట్టుకోనక్కరలేదు. మొదటి మెట్టుకు కింద ఎవరున్నారన్నదే అసలు సంగతి.

మ్యాన్‌హోలులో దిగినవాడున్నాడు. ఊరి మురుగు సర్కారుది, గొట్టం సర్కారుది, పని సర్కారుది. కాని మనిషి మాత్రం కంట్రాక్టరువాడు. అతని కులం ఏమిటో ఈ దేశంలో ఎవరినీ అడగనక్కరలేదు. పాకీపనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చినా చావులు ఆగలేదు. కోలారు బంగారు గనుల్లో తెలుగు పారిశుధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్, మన రాష్ట్రంలో పనిచేసిన ఐ.ఏ.యస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ మొదలైనవారు కూడి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. తీర్పు 2014 మార్చి 27న వచ్చింది: 1993నుంచి మురుగుగుంటల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వవలె. 2023 అక్టోబరులో మరో తీర్పు దానిని 30 లక్షలు చేసింది. పర్మనెంటా, టెంపరవరీయా అని ఈ తీర్పులు అడగలేదు.

సర్కారు కూడా తలచుకుంటే అడగకుండా ఉండగలదు. 2020 మార్చి 30నుంచి కోవిడ్ పనిలో చనిపోయిన వైద్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించినప్పుడు కంట్రాక్టువారిని, దినకూలివారిని, ఉద్యోగులే కారని రోజూ చెప్పే ఆశా కార్యకర్తలను కూడా అందులో చేర్చింది. భయం వేసిన రోజున కనిపించిన మనుషులు మామూలు రోజున ఎందుకు కనిపించరు?

మ్యాన్‌హోలు చావు తరువాత జరిగే తంతు ఒక్కటే. పని ఎవరు పురమాయించారన్న దగ్గర తగాదా. మస్టరు కంట్రాక్టరు దగ్గర ఉంటుంది, అందులో పేరుండదు. కుటుంబానికి కొంత చేతిలో పెట్టి కాగితంమీద సంతకం తీసుకుంటారు. జమ కమిషనరు దగ్గర కట్టాలన్న నిబంధన ఆ ఇంటివారికి తెలియదు. 1923 చట్టాన్ని 2020నాటి సామాజిక భద్రతా కోడ్ తనలో కలుపుకొన్నది గాని, ఆ పాత చట్టంలో 1933లో చేర్చిన ఒక దఫా మన కార్మిక సంఘాలకు కంఠతా రావలసింది. పనివాడు ప్రమాదంలో చనిపోయాడని ఎక్కడినుంచి తెలిసినా సరే, వితంతువు అర్జీ పెట్టేదాకా ఆగకుండా, కమిషనరు తనంతట తానే యజమానికి నోటీసు పంపి, 30 రోజుల్లో సంజాయిషీ చెప్పమనవచ్చు. ఆ నోటీసుకు పత్రికలో పడిన నాలుగు పంక్తుల వార్త చాలు.