ఆంగ్ల పలుకుబడులు, తెలుగు అర్థాలు: 19వ శతాబ్ది ద్విభాషా నిఘంటువులు – ఒక పరిశీలన

ఆంగ్లం నేర్చుకొనే తెలుగువారిని కఠిన పదాలకన్నా తేలిక పదాలే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. ‘గివ్’ అంటే ఇచ్చు, ‘అప్’ అంటే పైకి. రెండూ తెలిసినంత మాత్రాన ‘గివ్ అప్’ అంటే విడిచిపెట్టు, మానివేయు అని తెలియదు. ఈ చిక్కును తెలుగు నిఘంటుకారులు ఎప్పుడు గుర్తించారు, దాన్ని విప్పే ప్రయత్నం తెలుగు వచన భాషపై ఏ వెలుగు ప్రసరిస్తుంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

ఈ సమస్యను ఆంగ్లేయులే ముందుగా గమనించారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలో, క్రియకు చిన్న అవ్యయం చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికంటే కష్టమైనదని పేర్కొన్నాడు. ఇటువంటి క్రియలకు నేడు వాడుకలో ఉన్న ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ గ్రంథం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అంటే పేరు స్థిరపడటానికి చాలా ముందే సమస్య నిఘంటువుల్లో ఉంది.

తెలుగునాట తొలి ద్విభాషా గ్రంథాలు ప్రధానంగా ఆంగ్లేయులకు తెలుగు నేర్పడానికి పుట్టాయి. 1812లో మద్రాసులో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పేది. ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణం (1816), నిఘంటువు (1821) ఆ అవసరానికి సంబంధించినవే. 1830లలో జె.సి. మోరిస్ ఆంగ్ల–తెలుగు నిఘంటువు వెలువడింది. ఆ తరువాత పరిస్థితి మారింది. 1835లో విద్యావిధానం ఆంగ్లం వైపు మొగ్గింది. 1844లో ప్రభుత్వోద్యోగాలలో ఆంగ్ల విద్యావంతులకు ప్రాధాన్యమిస్తూ నిర్ణయం వెలువడింది. దాంతో ఆంగ్లం తెలుగువారికి జీవనోపాధి అయింది. 1850ల తొలి అర్ధభాగంలో అచ్చయిన సి.పి. బ్రౌన్ ఆంగ్ల–తెలుగు నిఘంటువు, ఆంగ్ల పలుకుబడులను, పదబంధాలను తెలుగులో వివరించేదిగా ముఖపత్రం మీదనే తన్ను తాను పరిచయం చేసుకొంది. తెలుగు పాఠకుణ్ణి విద్యార్థిగా భావించి ఆంగ్ల నుడికారాన్ని విప్పి చెప్పడం దాని ప్రకటిత లక్ష్యాలలో ఒకటి.

ఈ లక్ష్యం నిఘంటుకారుని ముందు ఒక భాషాసమస్యను నిలిపింది. ఒంటరి నామవాచకానికి సంస్కృత సమం దొరుకుతుంది. సంభాషణలో పుట్టిన పలుకుబడికి అంత సులభంగా దొరకదు. ‘పుట్ ఆఫ్’ అన్నదానికి కచేరీలో, బజారులో వినిపించే మాట ‘వాయిదా వేయు’. అందులోని ‘వాయిదా’ అరబ్బీ మూలం నుంచి వచ్చిన అన్యదేశ్యం. కావ్యభాషలో దానికి చోటు లేదు గాని, అది లేకుండా వివరణ సాగదు. ఇటువంటి అన్యదేశ్యాలకు బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించడం, వాటిని భాషలో భాగంగానే ఆయన గుర్తించాడనడానికి నిదర్శనం. దానికి ముందటి సంవత్సరమే, 1853లో, చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వెలువడింది. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో గ్రాంథిక వచనానికి ఆదర్శం ఒకవైపు, వాడుక మాటకు అచ్చులో ఆశ్రయం మరొకవైపు ఏర్పడ్డాయి.

తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో ఈ వివరణకు ఉపకరించే సాధనం లేకపోలేదు. నామంతో క్రియ కలిసి విశేషార్థాన్నిచ్చే నిర్మాణాన్ని మనవారు శబ్దపల్లవం అన్నారు. ‘చేపట్టు’ అంటే చేతిని పట్టడం మాత్రమే కాదు, ‘మేలుకొను’లో కొనడం లేదు. ‘తినివేయు’, ‘పారిపోవు’, ‘విడిచిపెట్టు’ వంటి సంయుక్త క్రియలలో వేయు, పోవు, పెట్టు అనేవి తమ సొంత అర్థాన్ని వదులుకొని పూర్తిని, తొలగిపోవడాన్ని సూచిస్తాయి. ‘ఈట్ అప్’లో ‘అప్’ చేసే పని ‘తినివేయు’లో ‘వేయు’ చేస్తుంది. ఆంగ్లం అవ్యయంతో సాధించేదాన్ని తెలుగు సహాయక్రియతో సాధిస్తుంది. ‘లుక్ ఆఫ్టర్’కు ‘చూచుకొను’, ‘లుక్ డౌన్ ఆన్’కు ‘చిన్నచూపు చూచు’ అన్న మాటలు అందుకే అతికినట్లు సరిపోతాయి. ‘పుట్ అప్ విత్’కు ‘సహించు’ అన్నా అర్థం తెలుస్తుంది. ‘ఓర్చుకొను’ అన్నప్పుడే పలుకుబడి తెలుస్తుంది.

బ్రౌన్ నిఘంటువు వ్యావహారికోద్యమానికి కారణమని ఇక్కడి వాదం కాదు. గిడుగు, గురజాడల కృషికి పాఠశాలల అనుభవం, శాసన పరిశోధన, భాషాశాస్త్ర పరిచయం వంటి వేర్వేరు ప్రేరణలున్నాయి. 1914 నాటి గురజాడ అసమ్మతి పత్రం విశ్వవిద్యాలయ వ్యాసరచనా భాషకు సంబంధించినది. అయితే వాడుక భాష అచ్చుకు తగదన్న అభిప్రాయానికి ప్రతిసాక్ష్యం అప్పటికి అరవై ఏళ్ల ముందే నిఘంటువులలో ఉందన్నది గమనార్హం. ‘కన్యాశుల్కం’ (1897) లో గిరీశం ఆంగ్ల పదబంధాలను హోదా చిహ్నాలుగా విసురుతాడు. ఆ మాటల గారడీని హాస్యాస్పదం చేయడానికి నాటకకర్త ఆశ్రయించింది కూడా జనం మాట్లాడే తెలుగునే.

తరువాతి కాలంలో ప్రవాహం రెండవ దిక్కుకు కూడా మళ్లింది. ‘మొసలి కన్నీరు’, ‘వెలుగులోకి వచ్చు’, ‘పాత్ర పోషించు’ వంటి అనువాద ఋణాలు పత్రికల ద్వారా తెలుగు నుడికారంలో కలిసిపోయాయి. అవి నేడు పరాయివిగా తోచవు.

ఈ చరిత్రకు వర్తమాన ప్రయోజనం కూడా ఉంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చే విద్యార్థి ఆంగ్ల పలుకుబడుల పట్టికలను ఒంటరిగా కంఠస్థం చేస్తున్నాడు. ‘వేయు’, ‘కొను’, ‘పోవు’లను అలవోకగా వాడే ఆ విద్యార్థికి ఇటువంటి నిర్మాణం కొత్తది కాదని చెప్పేవారు అరుదు. ఆ మాట చెప్పగలిగేది తెలుగు వ్యాకరణమే. ఇక పరిశోధకుల విషయానికి వస్తే, ద్విభాషా నిఘంటువులను పదార్థాల కోసం మాత్రమే తెరిచే అలవాటు చాలదు. వాటిలోని వివరణ వాక్యాలను 19వ శతాబ్దపు వాడుక వచనానికి ఆధారాలుగా కూడా చదవాలి. తెలుగు వచన చరిత్రలో ఆ పుటలకు దక్కవలసిన స్థానం ఇంకా మిగిలే ఉంది.