రేకుల ఇంటి వకీలు

హైదరాబాద్‌లో మా అడిక్‌మెట్‌లో రేకుల ఇల్లంటే కిరాయి తక్కువ, ఎండాకాలం పెనం. ప్రిటోరియా దగ్గర ఐరీన్‌లో దక్షిణాఫ్రికా ఒకప్పటి ప్రధానమంత్రి ఇల్లు చూద్దామని పోతే, అదీ రేకుల ఇల్లే! బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌ను 300 పౌండ్లకు కొని, విప్పి తెచ్చి ఇక్కడ బిగించుకున్నాడు యాన్ స్మట్స్. మనిషి మీద ఇష్టం పుట్టింది. ఆయన సంగతి చదివితే ఆ ఇష్టం పూర్తిగా నిలవలేదు.

కేంబ్రిడ్జిలో లా చదివాడు, 28 ఏళ్లకే ట్రాన్స్‌వాల్ స్టేట్ అటార్నీ. 1907లో మంత్రి అయ్యాక, అక్కడున్న మన భారతీయులు వేలిముద్రలు వేసి నమోదు పట్టా దగ్గర పెట్టుకోవాలన్న చట్టం అతని చేతికొచ్చింది. వెయ్యనన్నవాడికి జైలు, తర్వాత దేశబహిష్కారం. 1910లో సత్యాగ్రహుల్ని ఓడెక్కించి మద్రాసులో దింపారు. వాళ్లలో కొందరు ఈ గడ్డ మీదే పుట్టినవాళ్లు, మద్రాసు మొహం ఎరగనివాళ్లు. తెల్లవాళ్లనూ వదల్లేదు. 1914 జనవరిలో తొమ్మిదిమంది కార్మిక నాయకుల్ని విచారణ లేకుండా ‘ఉమ్గెని’ ఓడలో ఇంగ్లండుకు తోలేశాడు. అందుకు కావలసిన చట్టం తర్వాత పార్లమెంటులో చేయించుకున్నాడు! వకీలుకు తెలియక చేశాడా?

ఎదురు నిలిచిన గాంధీ కూడా వకీలే. ఆ ఏడే ఇద్దరికీ రాజీ కుదిరి, నాటాల్ చెరకు తోటల్లో గిర్మిట్ (కూలి ఒప్పందం) తీరిన మన తెలుగు కూలీల నెత్తిన ఉన్న ఏడాదికి 3 పౌండ్ల పన్ను పోయింది. దక్షిణాఫ్రికా విడిచి వెళ్తూ వెళ్తూ గాంధీ, జైల్లో తాను కుట్టిన చెప్పులు స్మట్స్‌కు ఇచ్చిపోయాడు. గుడి ముందు చెప్పులు పోతే శని వదిలిందనేది మా నాయనమ్మ. ఇక్కడ ఎవరి శని ఎవరికి పోయిందో! స్మట్స్ మాత్రం వాటిని ఈ పొలంలో వేసుకు తిరిగి, గాంధీ డెబ్బయ్యో పుట్టినరోజుకు, 1939లో, తిరిగి పంపాడు.

మన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచిందీ 1939లోనే. ఆ మెట్ల మీద కూర్చునే నేను ఈ దేశానికి వీసా కాగితాలు నింపుకున్నాను. విద్యానగర్ స్టేషన్ నుంచి రైలు కూత వినపడేది. ఇప్పుడు ఇక్కడ పర్మిట్ కోసం పది వేళ్లూ గాజుపలక మీద ఆనించినప్పుడల్లా స్మట్స్ గుర్తొస్తాడు, వెనకే ఆ కూత.

ఆయన ఈ రేకుల ఇంట్లోనే 1950 సెప్టెంబరు 11న పోయాడు. మనవాళ్లు జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో లేచి నిలబడి రాబోతున్న ఆ వేలిముద్రల చట్టానికి లొంగేది లేదని ప్రమాణం చేసింది 1906లో, అదీ సెప్టెంబరు 11నే.