యంత్రమూ, జాబితా: చావెజ్ గురించి ఒక పాత వాదన

హ్యూగో చావెజ్ 2013 మార్చిలో చనిపోయాడు. అతను ప్రజాస్వామికవాదా, నియంతా అన్న వాదన మాత్రం ఇంకా బతికే ఉంది. వామపక్ష మిత్రుల దగ్గర ఎత్తితే అతను ఎన్నిక మీద ఎన్నిక గెలిచినవాడు, అమెరికాకి ఎదురు నిలిచినవాడు. మిగతావాళ్ల దగ్గర ఎత్తితే చమురు డబ్బు పంచి ఓట్లు కొనుక్కున్న సైనికాధికారి. రెండువైపులా పెద్ద చిట్టాలే ఉన్నాయి. ఒకరి చిట్టా రెండోవాళ్ల చిట్టాని చెరిపెయ్యదు కాబట్టి వాదన మొదలైన చోటే ఆగుతుంది.

నా ఉద్యోగం డేటాబేసులతో. అందువల్లనే కావచ్చు, ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది 2004లో వెనెజులాలో వాడిన రెండు సాఫ్ట్‌వేర్ల కథ. అక్కడికి వెళ్లాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

1958లో సైనిక నియంత పెరెజ్ హిమెనెజ్ పడిపోయాక ప్రధాన పార్టీలు ఒక ఒప్పందానికి వచ్చాయి. తర్వాత మూడున్నర దశాబ్దాలు రెండే రెండు పార్టీలు మార్చి మార్చి ఏలాయి. చమురు ధర బాగున్నంతకాలం బండి నడిచింది. 1989 ఫిబ్రవరిలో, ఐఎమ్ఎఫ్ అప్పు కోసం ఒప్పుకున్న సంస్కరణల్లో భాగంగా పెట్రోలు ధర, దాంతో బస్సు ఛార్జీలూ పెరగగానే కరాకస్ భగ్గుమంది. సైన్యం కాల్పుల్లో వందలమంది పోయారు. క్రమం తప్పకుండా ఎన్నికలు జరుగుతున్న దేశంలోనే ఇది జరిగింది. చావెజ్‌కి ముందు అక్కడంతా చక్కటి ప్రజాస్వామ్యమే అనేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు.

1992 ఫిబ్రవరి 4న లెఫ్టినెంట్ కల్నల్ చావెజ్ తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. తోటి సైనికులని లొంగిపొమ్మని చెప్పడానికి అతన్ని టీవీ ముందుకి తెచ్చారు. మన లక్ష్యాలు ‘ప్రస్తుతానికి’ నెరవేరలేదు అన్నాడు. స్పానిష్‌లో ‘పోర్ అవోరా’. ఆ రెండు మాటలతో దేశమంతటికీ తెలిసిపోయాడు. రెండేళ్లు జైల్లో ఉండి బయటికొచ్చి, 1998 డిసెంబరులో 56 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యాడు.

మరుసటేడు కొత్త రాజ్యాంగం రాయించి జనం ఓటుకి పెట్టాడు. అందులో 72వ అధికరణం నాకు ఎంతో నచ్చింది. పదవీకాలం సగం గడిచాక 20 శాతం ఓటర్లు సంతకాలు పెడితే, అధ్యక్షుణ్ణయినా సరే, ఉంచాలా దింపాలా అని ఓటింగు జరిపి తీరాలి. మనకి ఎమ్మెల్యేని కూడా అలా వెనక్కి పిలిచే హక్కు లేదు.

2002 ఏప్రిల్‌లో కొందరు సైనికాధికారులు, వ్యాపారవర్గాలు కలిసి చావెజ్‌ని దింపేశారు. గద్దెనెక్కిన పెద్రో కార్మోనా వస్తూనే పార్లమెంటునీ సుప్రీంకోర్టునీ రద్దు చేశాడు. జనం వీధుల్లోకి వచ్చారు, సైన్యంలో విధేయులు కదిలారు, రెండు రోజుల్లో చావెజ్ తిరిగొచ్చాడు. ఆ ఏడాది చివర్లో మొదలైన చమురు సమ్మె కూడా విఫలమయ్యాక ప్రతిపక్షం 72వ అధికరణం పట్టుకుని సంతకాల సేకరణకి దిగింది.

2004 ఆగస్టు 15న ఓటింగు. మొదటి సాఫ్ట్‌వేర్ ఇక్కడ వస్తుంది. ఓటేస్తే యంత్రం చీటీ ముద్రించి చేతికిస్తుంది. ఓటరు చూసుకుని పెట్టెలో వేస్తాడు. పోలింగు ముగిశాక ఆ యంత్రమే లెక్కల పత్రం ముద్రిస్తుంది, పార్టీల ఏజెంట్లకి ప్రతులు అందుతాయి. మన దేశమంతటా వీవీప్యాట్ రావడానికి చాలా ఏళ్ల ముందు సంగతి ఇది. చావెజ్ 59 శాతంతో నెగ్గాడు. కార్టర్ సెంటర్ పరిశీలకులు ఫలితాన్ని ఒప్పుకున్నారు.

రెండో సాఫ్ట్‌వేర్‌కి మూలం ఆ సంతకాలే. లూయీస్ తాస్కోన్ అనే అధికారపక్ష ఎంపీ, దొంగసంతకాలు పట్టుకోవడానికంటూ ఆ జాబితాని తన వెబ్‌సైట్‌లో పెట్టాడు. అది పెరిగి, చావెజ్ ముత్తాత పేరు మీద ‘మైసాంతా’ అనే డేటాబేసు అయింది. అందులో కోటికి పైగా ఓటర్లు. ఒక మనిషి వివరాలు కొడితే, చావెజ్‌ని దింపమని సంతకం పెట్టాడా, ప్రభుత్వ పథకాల్లో లబ్ధిదారా అన్నీ తెరమీద కనిపిస్తాయి. సీడీల మీద చేతులు మారింది. సంతకం పెట్టినందుకు ఉద్యోగాలు పోయినవాళ్ల ఉదంతాలు హ్యూమన్ రైట్స్ వాచ్ నమోదు చేసింది. తర్వాత కొందరు ఆర్థికవేత్తలు ఈ డేటానే ఇంటింటి సర్వేలతో కలిపి చూస్తే, సంతకం పెట్టినవాళ్ల సంపాదన సుమారు 5 శాతం తగ్గినట్టు తేలింది. 2005లో చావెజ్ స్వయంగా ఆ జాబితాని పాతిపెట్టమన్నాడు. కాపీలు ఊరంతా తిరిగాక డేటాబేసుని ఎవరు పాతిపెట్టగలరు?

ఇక్కడ మిత్రులు ఒక బలమైన మాట అంటారు. కుట్ర చేసినవాళ్లతో మెతగ్గా ఎలా ఉంటాడు? పేదరికం దాదాపు సగం జనాభా నుంచి మూడోవంతు లోపుకి దిగింది, డాక్టరు మొహం చూడని మురికివాడలకి క్యూబా డాక్టర్లు వచ్చారు, అది లెక్కలోకి రాదా అంటారు. వస్తుంది. కాకపోతే జాబితాలో ఉన్న లక్షలమంది కార్మోనాలు కారు. చావెజ్ రాయించిన రాజ్యాంగం ఇచ్చిన హక్కుని వాడుకున్నవాళ్లు. తుపాకీ వదిలి సంతకం దగ్గరికి వచ్చిన ప్రతిపక్షం మీదే దెబ్బ పడింది.

అదే 2004లో సుప్రీంకోర్టు జడ్జీల సంఖ్యని 20 నుంచి 32కి పెంచి కొత్త స్థానాలు తనవాళ్లతో నింపారు. 2007 డిసెంబరులో రాజ్యాంగ సవరణల మీద చావెజ్ అతి స్వల్ప తేడాతో ఓడిపోయి, ఓటమి ఒప్పుకున్నాడు. నియంతలు అలా ఒప్పుకోరు. కానీ అప్పుడూ అన్నాడు, ‘పోర్ అవోరా’ అని. పద్నాలుగు నెలలకి మళ్లీ ఓటింగు పెట్టి, ఎన్నిసార్లయినా పోటీ చేసే వీలు తెచ్చుకున్నాడు. 2009 డిసెంబరులో, విచారణ లేకుండా దాదాపు మూడేళ్లు జైల్లో ఉన్న ఒక బ్యాంకరుకి విడుదల ఇచ్చిన జడ్జి మరియా లూర్దెస్ అఫ్యూనిని అరెస్టు చేశారు. ఆమెకి 30 ఏళ్లు శిక్ష పడాలని చావెజ్ టీవీలో అడిగాడు.

ఓట్ల లెక్కలో చావెజ్‌కి మోసం అవసరం పడలేదు. జనం అతని వెంట ఉన్నారు, చమురు వంద డాలర్లు దాటింది. కోర్టు తనది కావడం వల్ల ఎంత నష్టమో గెలుస్తున్నంతకాలం బయటపడలేదు. ఏ వ్యవస్థనైనా అంతా సవ్యంగా నడిచే రోజున పరీక్షిస్తే తెలిసేదేమీ ఉండదు. పరీక్ష మదురో కాలంలో వచ్చింది. 2015లో ప్రతిపక్షం పార్లమెంటు గెలిస్తే ఆ కోర్టే దాని అధికారాలు లాగేసింది. 2016లో 72వ అధికరణం కింద మళ్లీ సంతకాలు మొదలుపెడితే దారి మూసేశారు.

2024 జులై 28న మదురో గెలిచాడని ఎన్నికల మండలి ప్రకటించింది గానీ, బూత్‌ల వారీ లెక్కలు బయటపెట్టలేదు. ప్రతిపక్షం వాలంటీర్లు యంత్రాలు ముద్రించిన లెక్కల పత్రాలు 80 శాతానికి పైగా సేకరించి అందరికీ చూపించారు. వాటి ప్రకారం ఎద్ముందో గొన్సాలెస్‌ది భారీ గెలుపు. యంత్రాల కంపెనీ మారినా చావెజ్ కాలం నాటి పద్ధతి అదే. ఆ కాగితాలు నిజం చెప్పాయి. సుప్రీంకోర్టు మాత్రం మదురో గెలుపునే ఖాయం చేసింది.

అందుకని చావెజ్ ఏమిటి అని నన్నడిగితే, ఓటింగు రోజున ప్రజాస్వామికవాదే అంటాను. మిగతా రోజుల్లో మాత్రం, ఎవరు సంతకం పెట్టారో గుర్తుపెట్టుకునే ప్రభుత్వం నడిపాడు. అతని తర్వాత ఆ దేశాన్ని ఏలింది ఆ మిగతా రోజుల వారసత్వమే.